పేగన్‌గా బతకడానికి బెజవాడలో ఇల్లు దొరుకుతుందా?

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. మాది తెనాలి. విజయవాడలో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. కొన్నేళ్లుగా విక్కా అనే ఆధునిక పేగన్ మార్గాన్ని, అంటే ప్రకృతిని దైవంగా కొలిచే మార్గాన్ని, అనుసరిస్తున్నాను. గదిలో ఒక చిన్న పీఠం, నాలుగు దిక్కులకు నాలుగు కొవ్వొత్తులు, ఒక గిన్నెలో నీళ్లు, ఒక గిన్నెలో ఉప్పు, పౌర్ణమికీ అమావాస్యకీ కాసేపు ధ్యానం, ఏడాదికి ఎనిమిది పండుగలు. నా ఆరాధన ఇంతే, ఎవరికీ హాని తలపెట్టను. అయినా రెండు ఇళ్లు ఖాళీ చేయవలసి వచ్చింది. మొదటి ఇంట్లో ఒక అమావాస్య రాత్రి డాబా మీద కొవ్వొత్తులు వెలిగించి, నిమ్మకాయ కోసి, ఉప్పుతో గిరి గీసి కూర్చున్నాను. తెల్లవారి వడియాలు పెట్టడానికి పైకి వచ్చిన ఇంటావిడ అవన్నీ చూసి, నేను చేతబడి చేస్తున్నానని ఏడ్చి, నెలాఖరుకి వెళ్లిపొమ్మన్నారు. రెండోది అపార్ట్‌మెంటు. అక్కడ ఓనరుగారికి ముందే అంతా చెప్పాను. ఆయన సరేనన్నారు గాని, తరువాత అసోసియేషన్ వాళ్లకు తెలిసి ఆయన మీద ఒత్తిడి తెచ్చారు. ఇప్పుడు లేడీస్ హాస్టల్లో ఉంటున్నాను. అక్కడ అగ్గిపుల్ల కూడా గీయనివ్వరు. ఇంగ్లండులో బ్రిస్టల్‌లో ఉంటున్న మా పిన్ని కూతురు అక్కడికి వచ్చేయమంటోంది. నన్ను నన్నుగా ఉండనిచ్చే ఇల్లు విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఎక్కడైనా దొరుకుతుందా, లేక దేశం విడిచిపోవడమే మార్గమా?

— ఒక పాఠకురాలు, విజయవాడ (పెద్ద ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాం)

సమాధానం: అమ్మా, ఇల్లు దొరుకుతుంది. అయితే ఫలానా పేటలో దొరుకుతుందని చెప్పగలిగిన విషయం కాదిది. విజయవాడలో గాని, గుంటూరులో గాని పేగన్లను రమ్మని పిలిచే వీధి లేదు, పొమ్మని తరిమే వీధీ లేదు. ఆ మాటే విననివాళ్ల మధ్య మీరు ఇల్లు వెతుక్కుంటున్నారు. అందుచేత మిమ్మల్ని ఉండనిచ్చేదీ ఉండనివ్వనిదీ ఊరు కాదు. ఇంటి కట్టడం ఎలాంటిది, మెట్లు ఎటువైపు ఉన్నాయి, డాబా ఎవరి వాడకంలో ఉంది, ఇంటివారు ఆ ఇంట్లోనే ఉంటారా వేరేచోట ఉంటారా, మొదటి రోజు వారికి మీరు ఏం చెప్పారు అన్న నాలుగైదు విషయాల మీదే మీ ప్రశాంతత ఆధారపడి ఉంటుంది. మీరు ఖాళీ చేసిన రెండు ఇళ్లూ ఈ సంగతినే చెబుతున్నాయి గనుక ముందు వాటి గురించి మాట్లాడతాను.

మొదటి ఇంటావిడ మీద మీకు కోపం ఉంది. ఉత్తరంలో ఆమెను మూఢురాలని కూడా అన్నారు. ఆమె చూసినది ఒక్కసారి ఆమె వైపు నుంచి చూడండి. శుభ్రమైన పంచె పరిచి మినప వడియాలు పెట్టుకుందామని పొద్దున్నే పైకి వచ్చిన మనిషికి, ఆ సిమెంటు గచ్చు మీద నాలుగు వైపులా కరిగి గట్టిపడిన మైనం, మధ్యలో కోసిన నిమ్మచెక్కలు, చుట్టూ ఉప్పు గిరి కనిపించాయి. అంతకుముందు రాత్రి అమావాస్య. మన ప్రాంతంలో నాలుగు రోడ్ల కూడలిలో నిమ్మకాయ కనబడితే చదువుకున్నవాళ్లు కూడా స్కూటరు పక్కకు తిప్పుకొని పోతారు. ఆ వస్తువులకు ఆమె ఎరిగిన అర్థం ఒక్కటే, అది కీడు. మీ మనసులోని అర్థం ఆమెకు తెలిసే దారి లేదు. ఆమె కేకలు వేయలేదు, నలుగురినీ పిలవలేదు, ఏడ్చి నెలాఖరు దాకా గడువు ఇచ్చారు. భయపడిన మనిషి అంతకన్నా మర్యాదగా నడుచుకోవడం కష్టం.

ఈ భయాన్ని మీరు తేలికగా తీసుకోకూడదని గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మంత్రగత్తె అన్న ముద్ర వేసి ఆడవాళ్లను కొట్టడం, ఊరి నుంచి వెళ్లగొట్టడం, చంపడం ఈ దేశంలో ఎంత జరిగిందంటే, దానిని ఆపడానికి బీహారు 1999లో, జార్ఖండ్ 2001లో, ఒడిశా 2013లో ప్రత్యేకంగా చట్టాలు చేయవలసి వచ్చింది. తెలుగునాట కూడా చేతబడి, బాణామతి, చిల్లంగి అనే అనుమానాలతో ప్రాణాలు పోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. ఇంగ్లండులో విక్కా అనుయాయులు తమను తాము విచ్‌లుగా (మంత్రగత్తెలుగా) గర్వంగా చెప్పుకోగలుగుతున్నారంటే దానికి కారణం ఉంది: అక్కడ 1735 నాటి విచ్‌క్రాఫ్ట్ చట్టం 1951లో రద్దయింది, ఆ తరువాతే జెరాల్డ్ గార్డ్‌నర్ 1954లో తన పుస్తకం ప్రచురించి ఈ మార్గాన్ని బహిరంగపరచగలిగారు. కోల్‌కతాలో ఇప్సితా రాయ్ చక్రవర్తి వంటి వారు దశాబ్దాల క్రితమే తాము విక్కా మార్గంలో ఉన్నామని లోకానికి చెప్పారన్నది నిజమే. పేరు, పలుకుబడి ఉన్న కుటుంబానికి చెందిన వ్యక్తి చెప్పిన మాటకూ, మేడ మీద వాటాలో ఒంటరిగా అద్దెకున్న అమ్మాయి చెప్పిన మాటకూ లోకం ఒకే రకంగా బదులివ్వదు. ఇది అన్యాయమే. అయినా మీ భద్రత విషయంలో నేను న్యాయం మాట పక్కనపెట్టి, ఉన్నది ఉన్నట్టు చెబుతాను: ఇతరులు తిరిగే డాబా మీద రాత్రిపూట ఆరాధన చేయకండి. కూడలిలోనూ, ఇతరుల గుమ్మాల దగ్గరా ఏ వస్తువూ వదలకండి. ఊడ్చిన ఉప్పు, మైనం ముక్కలు పనిమనిషి చేతికి పోనివ్వక మీరే ఒక సంచిలో కట్టి చెత్త బండిలో వేయండి.

రెండో ఇంటి సంగతి వేరు. అక్కడ మీరు నిజాయితీగా అంతా ముందే చెప్పారు, ఓనరు ఒప్పుకున్నారు, అయినా నిలవలేదు. ఆయన ఒప్పుకోవడానికి ఆయనకు పోయేదేమీ లేదు, ఆ అపార్ట్‌మెంటులో ఆయన కాపురం ఉండటం లేదు. లిఫ్టులో మీకు ఎదురయ్యేదీ, మీ తలుపు సందులోంచి సాంబ్రాణి వాసన పీల్చేదీ, వాచ్‌మన్‌ను పిలిచి ఆరా తీసేదీ పక్క ఫ్లాట్లవాళ్లు. దూరాన ఉన్న ఓనరు ఇచ్చిన మాట విడి ఇంట్లో అయితే ఎంతో విలువైనది, అపార్ట్‌మెంటులో మాత్రం అసోసియేషన్ సమావేశం దాకానే నిలుస్తుంది. ఈ తేడాను మనసులో పెట్టుకుంటే మీరు వెతకవలసిన ఇల్లు దానంతట అదే రూపు కడుతుంది.

నా అభిప్రాయంలో మీకు సరిపోయేది ప్రహరీ ఉన్న పాత డాబా ఇంట్లో పై వాటా, అందులోనూ మెట్లు బయటి నుంచి ఉన్నది, ఓనర్లు హైదరాబాదులోనో అమెరికాలో పిల్లల దగ్గరో ఉండి కింద మరొక కుటుంబం అద్దెకున్నది. అటువంటి ఇళ్లు విజయవాడలో చాలా ఉన్నాయి. కింద ఉన్నవాళ్లు కూడా అద్దెకున్నవాళ్లే అయితే మీ మీద పెత్తనం చేసే హక్కు వాళ్లకు ఉండదు, ఆ కోరికా సాధారణంగా ఉండదు. డాబా తాళం మీ దగ్గర ఉంటుందా అని తప్పకుండా అడగండి. పెరట్లో ఒక వేపచెట్టో, జామచెట్టో ఉంటే గది కాస్త ఇరుకైనా తీసుకోండి, మీకు అది దేవుడిగది కన్నా ఎక్కువ. అపార్ట్‌మెంట్ల మీద కట్టే పెంట్‌హౌస్ గదులు చవకగా వస్తాయి, ఆకాశం కనిపిస్తుంది గనుక మీ మనసు అటు లాగవచ్చు. కాని చుట్టూ ఉన్న డాబా అందరిదీ. నీళ్ల ట్యాంకు చూడటానికి వాచ్‌మన్, బట్టలు ఆరేయడానికి ఆడవాళ్లు, రాత్రి ఫోన్లు మాట్లాడుకోవడానికి కుర్రవాళ్లు వస్తూనే ఉంటారు. పైగా రోహిణీ కార్తెలో ఆ గదిలో మనిషి ఉండలేడు.

ప్రాంతాల సంగతి కూడా అడిగారు కాబట్టి చెబుతున్నాను. పరాయివాళ్లను చూడటం అలవాటైన ఓనర్లు ఉన్నచోట మీకు ప్రశ్నలు తక్కువగా ఎదురవుతాయి. మంగళగిరిలో ఎయిమ్స్ వచ్చాక ఇతర రాష్ట్రాల డాక్టర్లు, నర్సులు, విద్యార్థులు అక్కడా తాడేపల్లి వైపునా అద్దెకుంటున్నారు. వడ్డేశ్వరంలో విశ్వవిద్యాలయం ఉంది. ఆ చుట్టుపక్కల ఓనర్లు బెంగాలీ చేపల కూర వాసనకూ, మణిపురి అమ్మాయిల మాటకూ, రాత్రి డ్యూటీలకూ అలవాటుపడినవాళ్లు. అద్దె నెలనెలా వస్తోందా, ఇల్లు శుభ్రంగా ఉంచుతున్నారా అన్నవే వాళ్ల లెక్క. మీ ఆఫీసు బెంజి సర్కిల్ వైపని రాశారు గనుక వారధి దాటి రావడం కష్టం కాదు. నదికి ఇవతల ఉండాలనుకుంటే కానూరు, పోరంకి వైపు ఇంజనీరింగ్ కళాశాలల పుణ్యమా అని ఒంటరిగా ఉండేవాళ్లకు ఇళ్లు ఇవ్వడం మామూలైపోయింది. మొగల్రాజపురంలో కొండవైపు వీధుల్లో పాత విడి ఇళ్లు ఇంకా మిగిలి ఉన్నాయి, అద్దె ఎక్కువ. వన్‌టౌన్‌లో ఇల్లిల్లూ ఆనుకొని ఉంటాయి, ఒక ఇంట్లో తుమ్మితే పక్కింట్లో చిరంజీవ అంటారు. అక్కడి మనుషులు మంచివాళ్లే అయినా మీకు కావలసిన ఏకాంతం దొరకదు.

గుంటూరు విషయానికొస్తే, బ్రాడీపేట, అరండల్‌పేటల్లో కోచింగ్ సెంటర్ల వల్ల, ఆసుపత్రుల వల్ల గదులు సులభంగా దొరుకుతాయి గాని అవి రద్దీ వీధులు. విద్యానగర్, పట్టాభిపురం, అమరావతి రోడ్డులో గోరంట్ల వైపు కాస్త నిదానం. కాని రోజూ 35 కిలోమీటర్లు వచ్చిపోవడం మీ ఒంటికి భారమవుతుంది. ఉద్యోగం అక్కడికి మారితే తప్ప గుంటూరు మీకు వద్దు.

నది ఒడ్డున ఇల్లు ఉంటే బాగుండునని రాశారు. మీ ఆరాధనలో నీటికి ఉన్న స్థానం తెలిసే చెబుతున్నాను, ఒడ్డుకు నడిచి వెళ్లగలిగే దూరంలో తీసుకోండి గాని ఒడ్డున తీసుకోకండి. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలారు. అదే సమయంలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి మునిగి ఉన్నాయి. భవానీపురంలోగాని, నదికి అవతల తాడేపల్లి పల్లపు వీధుల్లోగాని ఇల్లు చూసినప్పుడు ఆ వరదలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని ఎదురింటివాళ్లను అడగండి, గోడ మీద చారిక చూపిస్తారు. భవానీపురంలో కాస్త మెరక వీధిలో దొరికితే మాత్రం పున్నమి ఘాట్ దగ్గరవుతుంది. తెల్లవారుజామున స్నానాలకు, నడకకు వచ్చేవాళ్ల మధ్య మెట్ల మీద ఒక మూల కళ్లు మూసుకొని కూర్చున్న అమ్మాయిని ఎవరూ రెండోసారి తిరిగి చూడరు. కృష్ణ ఒడ్డున అటువంటి స్వేచ్ఛ తరతరాలుగా ఉంది.

ఇక ఓనరుతో ఏం మాట్లాడాలి అన్నది అన్నిటికన్నా ముఖ్యం. అబద్ధం చెప్పవద్దు, అడగనిదానికి జవాబూ ఇవ్వవద్దు. రెండో ఇంట్లో మీరు విక్కా అంటే ఏమిటో, పేగన్ అంటే ఏమిటో గంటసేపు వివరించానని రాశారు. ఆ వివరణ వల్ల ఓనరుగారికి మీ మీద నమ్మకం కలిగి ఉండదు, ఇదేదో పెద్ద వ్యవహారమనే గుర్తుండిపోయి ఉంటుంది, దాన్నే ఆయన ఇంకొకరికి చెప్పి ఉంటారు. ఓనరుకు కావలసింది మీ సిద్ధాంతం కాదు, ఇంట్లో మీరు చేసే పనులు. అందువల్ల పనుల గురించి చెప్పండి: "నేను ఒక్కదాన్నే ఉంటానండీ. పొద్దున సాయంత్రం దీపం పెట్టుకొని కాసేపు ధ్యానం చేసుకుంటాను, సాంబ్రాణి వేస్తాను. పౌర్ణమికీ అమావాస్యకీ కాస్త ఎక్కువసేపు కూర్చుంటాను. శబ్దం ఉండదు, జనం రారు." ఇందులో ఒక్క మాటా అబద్ధం లేదు. రేపు ఎవరైనా ఏమైనా అంటే, ఆ అమ్మాయి నాకు ముందే చెప్పిందని అనగలిగే ఆధారం ఓనరుకు ఉంటుంది. సూటిగా "ఏ దేవుడికి?" అని అడిగితే, ప్రకృతిని అమ్మవారుగా, అయ్యవారుగా కొలుస్తానని చెప్పండి. విక్కాలో దేవి, దేవుడు అని జంటగా కొలిచే పద్ధతి ఉంది కనుక అది మీ మార్గానికి ద్రోహం కాదు. మన ఓనరుకూ అర్థమయ్యే మాట.

"మీరేమిట్లు?" అన్న ప్రశ్న కూడా వస్తుంది, అది రాకుండా బెజవాడలో ఇల్లు చూడటం అరుదు. ఆ ప్రశ్న అడిగినంత మాత్రాన ఆ మనిషి చెడ్డవాడని నేను అనను, అలవాటు అది. కాని అద్దె ఎంత, ఎప్పుడు చేరతారు అన్న మాటలకన్నా ముందే ఆ ప్రశ్న వచ్చిన ఇల్లు మీకు వద్దు. అక్కడ రేపు మీ గదిలోకి ఎవరు వచ్చారు, ఏం వండారు, ఎందుకు దీపం ఆలస్యంగా ఆర్పారు అని వరసగా ప్రశ్నలు వస్తూనే ఉంటాయి. గడప దగ్గరే నమస్కారం పెట్టి వెనక్కి వచ్చేయండి. ఆ ఇల్లు చూపించిన బ్రోకరుకు నచ్చలేదని చెబితే చాలు.

చట్టం ఏమైనా ఆదుకుంటుందా అని అడిగారు. ఇల్లు సంపాదించడంలో దాదాపు ఏమీ ఆదుకోదు. రాజ్యాంగంలోని 25వ అధికరణం మనస్సాక్షి స్వేచ్ఛను, ఇష్టమైన మతాన్ని అవలంబించే హక్కును ప్రతి మనిషికీ ఇచ్చింది. మీ విశ్వాసానికి ప్రభుత్వ గుర్తింపు పత్రమేదీ అక్కరలేదు. 2011 జనాభా లెక్కల్లో ఇతర మతాలు, విశ్వాసాల కింద సుమారు 79 లక్షల మంది నమోదయ్యారు, వారిలో ఎక్కువ మంది ఆదివాసీ విశ్వాసాల వాళ్లు. కాని ఒక ప్రైవేటు ఓనరు మీకు ఇల్లు ఇచ్చి తీరాలని చెప్పే చట్టం దేశమంతటికీ ఒకటంటూ లేదు. అహ్మదాబాదులోని పార్సీ గృహనిర్మాణ సంఘం తమవాళ్లకే సభ్యత్వమని పెట్టుకున్న నిబంధనను సుప్రీంకోర్టు 2005లో సమర్థించింది. కాబట్టి చట్టం మీద ఆశ ఇంట్లో చేరడానికి కాదు, చేరాక నిలవడానికి పెట్టుకోండి. నోటిమాట మీద చేరినందువల్లే మొదటి ఇంట్లో మిమ్మల్ని నెలాఖరుకి పొమ్మనగలిగారు. మన దగ్గర చాలామంది 11 నెలలకు రాసుకుంటారు. మీరూ అలాగే స్టాంపు కాగితం మీద రాయించుకోండి. అందులో ఖాళీ చేయమనాలన్నా, చేస్తామన్నా రెండు నెలల ముందు తెలియజేయాలనీ, అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలనీ, డాబా వాడుకునే హక్కు ఎవరిదనీ స్పష్టంగా ఉండాలి. అద్దె నగదుగా కాక బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో కట్టండి.

చిన్న విషయమే గాని చెప్పకపోతే మీరు నష్టపోతారు. ఇల్లు వదిలేటప్పుడు సున్నాల ఖర్చు పేరుతో ఒక నెల అద్దె అడ్వాన్సులోంచి మినహాయించుకోవడం మన దగ్గర ఆనవాయితీ. రోజూ సాంబ్రాణి, నూనెదీపం ఉన్న గదిలో పీఠం పైన గోడ నల్లబడుతుంది, అప్పుడు ఆ మినహాయింపు రెండింతలవుతుంది, దాంతోపాటు ఈ గదిలో ఏం కాల్చారన్న అనుమానమూ మొదలవుతుంది. పీఠాన్ని గోడకు బారెడు దూరంగా, కిటికీ దగ్గర పెట్టుకోండి. కింద వెడల్పాటి స్టీలు పళ్లెం, అందులో ఇసుక, ఆ ఇసుకలో కొవ్వొత్తుల బదులు ప్రమిదలు నిలిపితే నూనె గచ్చుకు అంటదు, పొరపాటున ఒరిగినా మంట పాకదు. పరదాలు ఆ కిటికీకి వద్దు.

కొవ్వొత్తుల బదులు ప్రమిదలు అన్నానని మీ ఆరాధనను దాచుకోమంటున్నానని అనుకోవద్దు. మీ మార్గానికి ఒకే గ్రంథం, ఒకే క్రమం అంటూ లేవు. తానున్న నేలను, అక్కడి రుతువులను, చెట్టును, నీటిని గౌరవించడమే దానికి మూలమని మీరే రాశారు. మీరు పాటించే ఎనిమిది పండుగల చక్రం ఇప్పటి రూపానికి వచ్చింది 1950ల బ్రిటన్‌లో, గార్డ్‌నర్, డ్రూయిడ్ అనే మరో పేగన్ మార్గానికి చెందిన రాస్ నికోల్స్ వంటివారి కాలంలో. అది చలిదేశపు చక్రం. మే 1న అక్కడ పూలు విచ్చే వేళ బెల్టేన్ పండుగ చేసుకుంటారు, ఇక్కడ ఆ రోజు బ్యారేజీ మీద పగలు నడవలేం. మన నేలలో పచ్చదనం మొదలయ్యేది మృగశిర కార్తెలో, ఏరువాక పౌర్ణమికి. బ్రిటన్ క్యాలెండరును విజయవాడ వేడి మీద మోపడం కన్నా, ఈ నేల చక్రాన్ని గమనించి మీ పండుగలను దానికి అమర్చుకోవడమే పేగన్ మార్గానికి మరింత నమ్మకంగా ఉండటమని నేను భావిస్తాను. అలా చేస్తే ఇరుగుపొరుగుతో ఘర్షణ కూడా చాలావరకు దానంతట అదే తగ్గుతుంది. అక్టోబరు 31న మీ పెద్దలను తలచుకునే సామ్‌హైన్ కార్తీక మాసానికి అటో ఇటో వస్తుంది, ఆ రోజుల్లో ప్రతి గుమ్మంలోనూ దీపం ఉంటుంది, మీ దీపం వాటిలో ఒకటి. డిసెంబరు 21కి మీరు వెలిగించాలనుకునే పెద్ద మంటను భోగినాటి తెల్లవారుజాముకు జరుపుకోండి. ఆ రోజు వీధి వీధంతా మంటలే, మీరు వేసిన కట్టెకు పక్కింటి పిల్లలు పిడకల దండ తెచ్చి జోడిస్తారు.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. గ్రామదేవతల ఆరాధన కూడా పేగన్ మార్గమే కదా, అక్కడే నన్ను అర్థం చేసుకుంటారేమో అని అడిగారు. పోలేరమ్మ గుడికో, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లకో వెళ్లండి, మొక్కుకోండి, అక్కడి వేపాకు తెచ్చి మీ పీఠం మీద పెట్టుకోండి. కాని ఆ కొలుపులు తరతరాలుగా చేస్తున్నవాళ్లు తమను పేగన్లనుకోరు, ఆ పేరు మీరు వాళ్లకు పెట్టకూడదు. అక్కడ మీరు భక్తురాలిగా వెళ్లాలి గాని, ఇదంతా మాదేనని చెప్పే గురువుగా కాదు. ఆ వినయం ఉంటే ఆ ఆడవాళ్ల దగ్గర మీకు దొరికే ఆదరణ ఏ సంఘంలోనూ దొరకదు.

ఇప్పుడు బ్రిస్టల్ సంగతి. మీ చెల్లెలు చెప్పినదాంట్లో నిజం ఉంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2021 జనాభా లెక్కల్లో సుమారు 74 వేల మంది తమ మతం పేగన్ అని, మరో 13 వేల మంది విక్కా అని రాసుకున్నారు. పేగన్ ఫెడరేషన్ అనే సంఘం 1971 నుంచి పనిచేస్తోంది. డ్రూయిడ్ నెట్‌వర్క్‌కు 2010లో ధార్మిక సంస్థగా నమోదు లభించింది. అదే ఏడాది వచ్చిన సమానత్వ చట్టం ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు మతాన్నిబట్టి వివక్ష చూపడాన్ని నిషేధిస్తోంది. బ్రిస్టల్‌కు దగ్గరలోని గ్లాస్టన్‌బరీలో పేగన్ అన్న మాట విని ఎవరూ ఉలిక్కిపడరు. ఇవన్నీ ఇక్కడ లేని సౌకర్యాలే.

అయితే అక్కడ ఎదురయ్యేవి కూడా తెలుసుకొని వెళ్లాలి. అద్దె గదుల ఒప్పందాల్లో కొవ్వొత్తులు, అగరొత్తులు వెలిగించరాదన్న షరతు అక్కడ మామూలు. ఆ షరతుకు మతంతో పనిలేదు, అగ్నిప్రమాదాల భయం వల్ల పెడతారు, కాని ఫలితం మీ హాస్టల్లో ఉన్నదే. ఇంకొకటి, నార్స్ (ప్రాచీన ఉత్తర ఐరోపా) దేవతలను కొలిచే శాఖల్లో ఐరోపా పూర్వీకులు ఉన్నవాళ్లకే తమ దేవతలు చెందుతారని వాదించే వర్గాలు కొన్ని ఉన్నాయి. ఆ వాదాన్ని ఖండిస్తూ 2016లో అనేక సంఘాలు ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేయవలసి వచ్చిందంటే ఆ ధోరణి ఎంత బలంగా ఉందో ఊహించండి. విక్కా, డ్రూయిడ్ బృందాల్లో ఈ బాధ తక్కువ. ఎక్కడికి వెళ్లినా మొదటి సమావేశానికి ముందే, పూర్వీకుల విషయంలో వారి నియమం ఏమిటో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. జవాబు నసిగితే వెళ్లవద్దు.

నేనైతే ఇల్లు దొరకలేదన్న కారణంతో దేశం మారమని మీకు చెప్పను. మంచి ఉద్యోగం వచ్చి, వీసా కుదిరి, ఆ జీవితం కావాలనుకుంటే సంతోషంగా వెళ్లండి. ఆరాధన కోసం మాత్రమే అప్పు చేసి వెళితే, వీసా గడువు, ఒంటరితనం, చలి, చాలీచాలని జీతం మీ ఆరాధనకు సమయమే మిగల్చవు. ఈలోపు ఇక్కడ ఒక సొంత గది సంపాదించుకొని ఒక ఏడాది గడిపి చూడండి.

ఆ ఏడాదిలో మీ గురించి పూర్తిగా తెలిసిన మనిషి ఒక్కరైనా ఈ ఊళ్లో ఉండాలి. ఓనరుకు సగం చెప్పడం జాగ్రత్త, అందరికీ సగమే చెప్పి బతకడం మాత్రం మనిషిని లోపల నుంచి అరగదీస్తుంది. మీ ఉత్తరంలో ఆఫీసులో ఒక స్నేహితురాలి ప్రస్తావన ఉంది, ఆమెతో మొదలుపెట్టండి. తెనాలిలో మీ అమ్మగారికి తెలియదని రాశారు. ఆవిడకు మీ పేగన్ సిద్ధాంతం చెప్పనక్కరలేదు. కొత్త ఇంట్లో పాలు పొంగించడానికి రమ్మని పిలవండి, ఆ పీఠం ముందు ఆవిడ చేతే మొదటి దీపం పెట్టించండి. ఆవిడ ఏమడిగితే అంతవరకు నిజం చెప్పండి. ఒంటరి ఆడపిల్ల ఇంట్లో చేరిన రోజు తల్లి వచ్చి రెండు రోజులు ఉండి వెళ్లిందంటే, కింది వాటావాళ్లు, ఎదురింటివాళ్లు ఆ అమ్మాయిని చూసే చూపే మారిపోతుంది. ఇది మీకు నచ్చినా నచ్చకపోయినా మన ఊళ్లలో నిజం. ఆ రెండు రోజుల్లో కింది వాటావాళ్లకు కాస్త పులిహోరో, ఏదైనా స్వీటో పంపండి. పిల్లలుంటే పేర్లు అడిగి గుర్తుపెట్టుకోండి. ముఖం తెలిసిన మనిషి గదిలో దీపం కనిపిస్తే దీపమే అనుకుంటారు, ముఖం తెలియని మనిషి గదిలో అదే దీపం అనుమానమవుతుంది.

చివరిగా, ఇల్లు ఎప్పుడు వెతకాలో చెబుతాను. వేసవి సెలవుల్లో, జూన్‌లో బడులు తెరిచేలోపు కుటుంబాలన్నీ ఇళ్లు మారతాయి, అప్పుడు ఒంటరి ఆడపిల్ల వంక ఏ ఓనరూ చూడడు. ఆషాఢం రాగానే కొత్త ఇంట్లో చేరేవాళ్లు ఉండరు, ఆ నెలంతా టు లెట్ బోర్డులు అలాగే వేలాడుతుంటాయి, ఓనర్ల పట్టుదల సడలుతుంది. మీకు ఆ మాసంతో పట్టింపు లేదు. తాడేపల్లి, మంగళగిరి వైపు రెండు ఆదివారాలు బ్రోకరు లేకుండా నడిచి తిరగండి. చూసిన ప్రతి ఇంటినీ పగలొకసారి, చీకటి పడ్డాక ఒకసారి చూడండి. నచ్చిన ఇంటికి ఆషాఢంలోనే అడ్వాన్సు ఇచ్చి అగ్రిమెంటు రాయించుకోండి. శూన్యమాసంలో చేరడం ఓనరుకు ఇష్టం లేకపోతే వాదించవద్దు, శ్రావణంలో ఆయన చెప్పిన రోజునే పాలు పొంగిస్తానని చెప్పి, ఆ మధ్య రోజులకు అద్దె తగ్గించమని అడగండి. చాలామంది తగ్గిస్తారు.